సాయంత్రం నాలుగు నుంచి ఏడు: నార్మల్

గురుమూర్తిగారి సంతాపసభలో ఒకాయన ఆయన్ని ఉక్కు మనిషి అన్నాడు. భిలాయి ఉక్కు కర్మాగారంలో రిటైరైన వాడెవడు పోయినా ఉక్కు మనిషే. ఆ లెక్కన మా వీధిలో పదకొండుమంది ఉక్కు మనుషులం ఉన్నాం, అందులో నలుగురం మెట్లెక్కలేం. గురుమూర్తిగారిలో ఉక్కు లక్షణం ఒక్కటీ లేదు. మెత్తగా మాట్లాడేవారు, మెల్లగా తినేవారు, రుమాలు నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకునేవారు. భార్య, ఇద్దరు పిల్లలు, ఫర్నేసు తప్ప ఆయనకి వేరే లోకం లేదు. ఈ మాట చెబుదామని లేచాను కానీ, అప్పటికే టిఫిన్లు వచ్చేశాయి.

నా పేరు తిరుమలరావు. ఆయన బి.ఇ. చదివిన ఇంజనీరు, నేను డిప్లొమావాణ్ణి. ఆయనది బొబ్బిలి, మాది టెక్కలి దగ్గర పల్లె. ఇనుము కరిగించే బ్లాస్ట్ ఫర్నేసులో పద్దెనిమిదేళ్ళు ఆయనకి నేను రిలీవర్ని. అంటే ఆయన షిఫ్టు దిగాలంటే నేను ఎక్కాలి. ఫర్నేసు ఆరిపోకూడదు, దాని ముందు కుర్చీ ఖాళీగా ఉండకూడదు. వచ్చినవాడు చార్జ్ తీసుకుని సంతకం పెట్టాకే ఉన్నవాడు కదలాలి. రాకపోతే వాడి షిఫ్టు కూడా వీడే చెయ్యాలి, దాన్నే డబుల్ అంటాం. నేను అప్పట్లో భిలాయిలోనే ఖుర్సీపార్ బస్తీలో ఉండేవాణ్ణి, వయసులో ఉన్నవాణ్ణి, బొత్తిగా వేళాపాళా లేనివాణ్ణి. ఆయన చేత ఎన్ని డబుల్స్ చేయించానో నాకే గుర్తులేదు. ఆయన ఒక్కసారి కూడా నన్ను ఏమీ అనలేదు. ఆ పని వాళ్ళావిడ అహల్యమ్మగారు చేసేవారు. నేను ఎప్పుడు కనబడితే అప్పుడు, పెళ్ళి పందిట్లోనైనా సరే, నిలబెట్టి కడిగేసేవారు.

ఆయన దగ్గర నేను నేర్చుకున్నది లాగ్‌బుక్ రాయడం. షిఫ్టులో ఏం జరిగిందో వచ్చేవాడి కోసం రాసిపెట్టే పుస్తకం అది. కొత్తలో నేను పేజీలకి పేజీలు నింపేవాణ్ణి. ఆయన చదివి, కళ్ళజోడు తుడుచుకుని, "కథ రాయకు తిరుమలరావ్. సరిగ్గా నడిచింది ఎవడికి కావాలి? తేడా వచ్చింది రాయి. మిగతాదంతా నార్మల్ అని ఒక్క ముక్క చాలు" అనేవారు. ఆ అలవాటు నాకు ఎంత ముదిరిందంటే, ఊరికి ఉత్తరం రాసినా జ్వరాలూ దెబ్బలూ తప్ప ఇంకేమీ రాసేవాణ్ణి కాదు. మా అమ్మ ప్రతి ఉత్తరానికీ ఏడ్చేది.

ఇంట్లో ఆయన ఎలా ఉండేవారో చెప్పాలి. నైట్ షిఫ్టు దిగి వచ్చి కూడా పిల్లలిద్దరి పెన్సిళ్ళూ చెక్కి పెట్టి అప్పుడు పడుకునేవారు. సుప్రియ పన్నెండో క్లాసులో ఉండగా ఇంకో ప్లాంటుకి ప్రమోషన్ మీద పొమ్మంటే పోలేదు. శరత్‌కి స్కూటర్ నేర్పడానికి సెలవు పెట్టారు, తన ఆపరేషన్‌కి మాత్రం వీక్లీ ఆఫ్ వాడుకున్నారు. చివరి పదేళ్ళూ జనరల్ షిఫ్టు, అంటే పగటి డ్యూటీ. సాయంత్రం ఐదున్నరకల్లా ఇంటి గేటు దగ్గర రెండుసార్లు హారన్ కొట్టేవారు. అహల్యమ్మగారు తలుపు తీసి, ఐదు నిమిషాలు లేటైతే పది నిమిషాలు తిట్టేవారు. క్లబ్బుకి రారు, పేకాటకి రారు. మా బ్యాచ్‌లో ఆయన్ని చూసి నవ్వుకునేవాళ్ళం. నేనే ఎక్కువ నవ్వేవాణ్ణి.

రిటైరై నెహ్రూ నగర్‌లో సొంత ఇల్లు కట్టుకున్నారు. పిల్లలు స్థిరపడ్డారు. సుప్రియ రాయపూర్‌లో కాలేజీ లెక్చరర్, శరత్ పుణేలో ఉద్యోగం. ఇప్పటికి ఆరేళ్ళ కిందట అహల్యమ్మగారికి మతిమరుపు మొదలైంది. మొదట ఉప్పు డబ్బా ఎక్కడుందో మర్చిపోయారు, తర్వాత వీధి పేరు, ఆ తర్వాత ఏ సంవత్సరంలో ఉన్నామో మర్చిపోయారు. డాక్టరు ఒక్క మాట గట్టిగా చెప్పాడట, ఆవిడకి తెలిసిన ఇల్లు మార్చొద్దని. ఆ ఇంట్లో ఆవిడ కళ్ళు మూసుకుని తిరగగలదు. ఇంకోచోట పెడితే మరుగుదొడ్డికి కూడా దారి తెలియదు. ఆ రోజునుంచి గురుమూర్తిగారికి జీవితంలో ఒకటే పని మిగిలింది. ఆవిణ్ణి ఆ ఇంట్లోనే ఉంచాలి, తను ఉన్నా లేకపోయినా.

నల్ల అట్ట రిజిస్టరు ఒకటి కొన్నారు. పేజీకి గీతలు కొట్టి, గంటల వారీగా లాగ్ రాయడం మొదలుపెట్టారు. పొద్దున్నుంచి మూడింటిదాకా అప్పయమ్మ ఉండేది. ఖుర్సీపార్ నుంచి వచ్చే మనిషి, పని బాగా చేసేది, చదువు లేదు. అందుకని ఆవిడ చెప్పేది కూడా ఆయనే రాసేవారు. "ఎనిమిది: ఇడ్లీ వద్దన్నది, అట్టు తిన్నది." "పదకొండు: తడి తల మీద జడ వేస్తే విసుక్కుంది. ఆరాక వెయ్యాలి." జడ వెయ్యడం ఆయన డెబ్భై మూడో ఏట నేర్చుకున్నారు. క్రేన్‌కి కట్టే వైరు తాడు ఎలా పేనుతారో అలా పేనేవారు, గట్టిగా, ఒక్క వెంట్రుక బయటికి రాకుండా.

సుప్రియకి ఆ రిజిస్టరు చూస్తే ఒళ్ళు మండేది. "అమ్మ ఏమైనా ఫర్నేసా నాన్నా?" అని నా ఎదురుగానే అడిగింది.

"ఫర్నేసైతే ఇంత జాగ్రత్త అక్కర్లేదమ్మా" అన్నారాయన.

పోవడానికి ముందు నాలుగైదు నెలలుగా నాకు ఫోన్ చేసినప్పుడల్లా ఒకటే మాట. "ఓ సాయంత్రం వచ్చి కూచోవయ్యా తిరుమలరావ్. చార్జ్ అప్పగించాలి."

"ఏటి సార్, ఇప్పుడేటి తొందర? మీకేటైంది?"

"ఏటీ అవ్వలేదు. అందుకే పిలుస్తన్నాను. ఏదైనా అయ్యాక చార్జ్ ఇవ్వలేం కదా. పిల్లలకి చెప్తే భయపడతారు."

వస్తాను సార్ అన్నాను. దుర్గ్‌లో మా అబ్బాయి ఇంటినుంచి నెహ్రూ నగర్‌కి ఆటోలో పావుగంట. మోకాలి నొప్పి అన్నాను, వానలు అన్నాను, ఏదో ఆదివారం పొద్దున వెళ్ళి కాఫీ తాగి వచ్చాను. సాయంత్రం మాత్రం వెళ్ళలేదు.

ఒక మంగళవారం పొద్దున్న పాలు కాస్తూ వంటింట్లోనే కూలబడ్డారు. అప్పయమ్మ వచ్చేసరికి ప్రాణం లేదు. గ్యాసు మాత్రం కట్టేసి ఉంది. గుండె ఆగిపోతుంటే ఆ మనిషి ముందు సిలిండరు నాబు తిప్పి, అప్పుడు కింద కూర్చున్నారు. ఇది విన్నాక నేను రెండు రోజులు పాలు తాగలేకపోయాను.

అహల్యమ్మగారికి సంగతి తెలియలేదు. చెప్పారు, విన్నది, అయ్యో పాపం అంది, మర్చిపోయింది. పదకొండో రోజున వచ్చినవాళ్ళందర్నీ కూర్చోబెట్టి, ఇది ఎవరింట్లో కార్యమని అడిగింది. ఆవిడ బొట్టూ గాజుల జోలికి సుప్రియ ఎవర్నీ పోనివ్వలేదు. చుట్టాల్లో ఒకావిడ ఏదో గొణిగితే, "మీ ఇంట్లో చూసుకోండి" అంది. ఆ పిల్లకి వాళ్ళమ్మ నోరే వచ్చింది.

అసలు చిక్కు చుట్టాలంతా వెళ్ళాక, సాయంత్రాలతో వచ్చింది. పగలంతా బాగానే ఉండేది. రిజిస్టరులో ఉన్నది ఉన్నట్టు చేస్తే తినేది, స్నానం చేసేది, పాటలు వినేది. ఐదు దాటేసరికి గేటు దగ్గరికి వెళ్ళి నిలబడేది. రమ్మంటే రాదు. గదమాయిస్తే కొడుతుంది. అన్నం ముట్టదు, మాత్రలు ఉమ్మేస్తుంది. అలా తొమ్మిది సాయంత్రాలు గడిచాయి. పదో సాయంత్రం గడియ తీసుకుని రాయపూర్ రోడ్డు దాకా వెళ్ళిపోయింది. లారీల మధ్యలోంచి ఎవరో చెయ్యి పట్టుకుని తీసుకొచ్చారు.

ఆ మర్నాడు శరత్ నాకు ఫోన్ చేశాడు. వాడు పుట్టింది ఇక్కడే, తెలుగు కొంచెం తడబడతాడు, మనసు మంచిది. "అంకుల్, అమ్మ కోసం రాయపూర్‌లో ఒక హోమ్ చూశాను. అచ్ఛా ప్లేస్ హై. దీదీ ఇక్కడినుంచే కాలేజీకి అప్‌డౌన్ చేస్తానంటోంది, దిన్ మే, పగలు, అప్పయమ్మ ఉంటుంది. అన్నీ కుదిరాయి. ఈ శామ్ కా టైమ్, సాయంత్రం పూట, ఒక్కటే కుదరట్లేదు. ఖాళీ కడుపుతో ఎన్నాళ్ళుంటుంది? ఆదివారం తీసుకెళ్ళిపోతాను. మై క్యా కరూఁ?"

వాడి తప్పు ఏముంది? నేనైనా అదే చేసేవాణ్ణేమో. కానీ ఆ మాట వినగానే నాకు వాడి మీద, నా మీద, పోయినాయన మీద కూడా కోపం వచ్చింది. గురువారం పొద్దున్నే ఆటో ఎక్కి వెళ్ళాను. "మీ నాన్న సాయంత్రం పూట ఏం చేసేవారో రాసే ఉంటారురా, రిజిస్టరు తియ్యి" అన్నాను.

ఆరేళ్ళవి ఐదు రిజిస్టర్లు. ముగ్గురం కూర్చుని తిరగేశాం. పొద్దుటి అట్ల గురించి ఉంది, జడ గురించి ఉంది, ఏ చీరకి ఏ జాకెట్టు కావాలంటుందో కూడా ఉంది. సాయంత్రం నాలుగు నుంచి ఏడు దాకా ఉన్న గడిలో మాత్రం ఆరేళ్ళూ ఒకటే మాట. నార్మల్. నార్మల్. నార్మల్. ఆదివారాల గడిలో 'ఆఫ్' అని ఉంది.

"ఆఫ్ అంటే ఏమిటంకుల్?" అంది సుప్రియ.

నాకేం తెలుసు? సుప్రియ వచ్చేది ఆదివారాలే, అప్పుడు సాయంత్రం ఏ గొడవా చూడలేదంది. అప్పయమ్మని అడిగాను. "నానేటి సెప్పీది బాబూ? మూడింటికి నాను ఎలిపోతాను కదా. సార్‌గోరు ఎప్పుడూ ఏటీ సెప్పనేదు" అంది.

అప్పుడు నాకు సంగతి అర్థమై తల పట్టుకున్నాను. సరిగ్గా నడిచేది రాయకూడదని జీవితమంతా మాకు నేర్పిన మనిషి, తన ఇంట్లో అన్నిటికన్నా సరిగ్గా నడిచినదాన్ని రాయలేదు. ఏ సాయంత్రమూ తేడా రాలేదు కాబట్టి ఒక్క ముక్కతో సరిపెట్టేశారు. అంతటి తెలివైనవాడు ఇంత మూర్ఖంగా ఎలా చేశాడని గట్టిగానే తిట్టుకున్నాను. ఆ మూడు గంటలు చూపించడానికే నన్ను రమ్మన్నారని కూడా తెలుస్తోంది. అది ఆ పిల్లలకి చెప్పలేదు.

సుప్రియ కళ్ళు తుడుచుకుంటూ నాతో గేటు దాకా వస్తే ఎదురింటి హైమవతిగారు రోడ్డు దాటి వచ్చింది. పరామర్శకి రావడం అదే మొదలు, కూతురి పురుడికి విజయనగరం వెళ్ళి ఆ ముందురోజే వచ్చిందట. రెండు మంచి మాటలు చెప్పి, "ఇంతకీ సార్ ఏ కంపెనీకి వెళ్ళీవారండీ? అంత వయసులో డ్యూటీ మానలేదు, అదే దెబ్బతీసిందేమో" అంది.

"డ్యూటీ ఏమిటండీ?" అన్నాను.

"అదేటండీ అలాగంటారు? రోజూ చూసీదాన్ని కదా. ఐదూ ఇరవైకి వెనక తలుపులోంచి స్కూటరు తోసుకొచ్చి, మా గోడ పక్కన ఆపుకుని నిలబడీవారు. భుజానికి సంచీ. పది నిమిషాలు మీ గేటు కేసే చూస్తా ఉండీవారు. తర్వాత స్కూటరెక్కి ముందువైపు నుంచొచ్చి రెండు హారన్లు కొట్టీవారు. ఆవిడ గేటు తీసి ఒకటే తిట్లు. ఇంత లేటేటి, అన్నం చల్లారిపోయింది, నేనేటి మీ పనిమనిషినా అని. ఆయన తల దించుకుని లోపలికెళ్ళీవారు. ఆదివారం ఉండీది కాదు. పాపం, ముసలాయన్ని అలాగ తిడుతుందేటని మా ఇంట్లో ఒకటే జాలి."

ఆదివారం గడిలో ఆఫ్ అంటే వీక్లీ ఆఫ్. ఆరేళ్ళపాటు ఆ మనిషి రోజూ డ్యూటీనుంచి ఇంటికొచ్చాడు. ఆవిడ ఏ సంవత్సరంలో ఉందో ఆ సంవత్సరంలోకే వచ్చాడు. తిట్టడం అయ్యాక ఇద్దరూ కూర్చుని అన్నం తినేవారన్నమాట. ఇప్పుడు ఆవిడ తినకపోవడానికి రోగం కారణం కాదు. మొగుడు డ్యూటీనుంచి రాకుండా ఎప్పుడూ తినలేదు కాబట్టి తినడం లేదు.

ఆ సాయంత్రం శరత్ సంచీ తగిలించుకుని, స్కూటరు తీసి, రెండు హారన్లు కొట్టాడు. ఆవిడ పరుగులాంటి నడకతో వచ్చి గేటు తీసింది. కొడుకుని చూసింది. "నువ్వేటిరా? కాలేజీ అయిపోయిందా?" అని, వాణ్ణి పక్కకి జరిపి మళ్ళీ రోడ్డు వైపు చూస్తూ నిలబడింది. ఎనిమిదైనా లోపలికి రాలేదు. శుక్రవారం కూడా అంతే. శరత్ వంటింట్లో గోడకి ఆనుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. శనివారం మధ్యాహ్నం అమ్మ బట్టలు సూట్‌కేసులో సర్దాడు.

శనివారం సాయంత్రం నేను వెళ్ళాను. ఏం చెయ్యాలో తెలిసి వెళ్ళలేదు. ఆఖరి సాయంత్రం, వెళ్ళకపోతే బాగుండదని వెళ్ళాను. స్కూటరు తోలే ఓపిక నాకు లేదు. నడిచే వెళ్ళి గేటు గడియ కదిపాను. ఆవిడ అప్పటికే అక్కడ ఉంది. నన్ను నఖశిఖ పర్యంతం చూసింది. కొడుకుని కాలేజీ కుర్రాడనుకున్న ఆవిడ నన్ను మాత్రం చటుక్కున గుర్తుపట్టింది.

"తిరుమలరావూ! నువ్వేటి ఇక్కడ? ఆయనేరీ?"

వెనక సుప్రియా శరత్ నిలబడి ఉన్నారు. నా నోటికి ఏది అలవాటో అదే వచ్చింది. "సార్‌కి రిలీవర్ రాలేదమ్మా. డబుల్ చేస్తన్నారు."

ఆవిడ కళ్ళు చిన్నవి చేసింది. "రిలీవర్ నువ్వే కదా!"

చివరి పదేళ్ళ జనరల్ షిఫ్టులో ఆయనకి రిలీవరనేవాడే లేడు. ఆ తేడా ఆవిడకి అక్కర్లేదు. ఆవిడ అడిగినదాంట్లో తప్పు కూడా లేదు. అబద్ధానికి ఇంకో అబద్ధం అతికించడం నాకు చేతకాలేదు.

"అవునమ్మా" అన్నాను. "నేనే. రమ్మన్నప్పుడు రాలేదు. లేటయిపోయాను."

"లేటయిపోయావా! ఆ మనిషి పొద్దుటినుంచి ఆ సెగలో నిలబడి ఉంటే, నువ్వు తల దువ్వుకుని మా గుమ్మంలోకొచ్చి లేటయిపోయానంటావా? నీకు ఇల్లుంటే ఆయనకి ఇల్లు లేదా? నీ పెళ్ళాం పిల్లలే పెళ్ళాం పిల్లలా? ఎన్నిసార్లు చెప్పాలి నీకు? ఆయన నోరు లేని మనిషి కాబట్టి సరిపోయింది!"

పది నిమిషాలకి తక్కువ కాకుండా తిట్టింది. నలభై ఏళ్ళ కిందట ఖుర్సీపార్ పెళ్ళి పందిట్లో ఎలా తిట్టిందో అలాగే. నేను తల దించుకుని నిలబడ్డాను. ప్రతి మాటా నాకు తగిలింది, ప్రతి మాటా నిజమే. ఆయన పోయిన రోజున కూడా నాకు ఏడుపు రాలేదు. అక్కడ, ఆ గేటు దగ్గర వచ్చింది. ఆవిడ అది చూసి కొంచెం మెత్తబడి, "సర్లే, ఏడవకు. మగాడివి" అంది.

తర్వాత చీర కొంగు దోపుకుని లోపలికి నడిచింది. తిన్నగా వంటింట్లోకి వెళ్ళింది. డబుల్ పడిన రోజుల్లో ప్లాంటుకి పంపే స్టీలు కేరేజీ పై అరలోంచి దింపి, కడిగి, కింది గిన్నెలో అన్నం, మీది గిన్నెలో పప్పు, ఆ పైన ఊరగాయ పెట్టి మూతలు బిగించింది. ఏ గిన్నె ఎందులో కూర్చోవాలో ఆవిడ చేతులు వెతుక్కోలేదు. అది పక్కన పెట్టి, కంచం తీసుకుని, "డబుల్ అయితే ఇంకెందుకు చూడ్డం? అర్ధరాత్రి దాకా రారు. నేను తినీస్తాను. పెట్టవే సుప్రియా" అంది.

తిన్నది. రెండుసార్లు అన్నం పెట్టించుకుంది. మజ్జిగ పోసుకుంది. మాత్రలిస్తే, ఏమిటివి అని కూడా అడగకుండా మింగింది. శరత్ వరండాలోకి వెళ్ళి ఫోన్‌లో ఎవరితోనో గది అక్కర్లేదని చెబుతున్నాడు. వచ్చి నా పక్కన నిలబడ్డాడు.

"అంకుల్, రోజూ రాగలరా?"

"నాకింకేటి పనుందిరా" అన్నాను.

చెయ్యి కడుక్కుని ఆవిడ కేరేజీ తెచ్చి నా చేతికిచ్చింది. వేడిగా ఉంది. "దార్లో ఎవరితోనూ కబుర్లు పెట్టుకోకు. వెళ్ళి చార్జ్ తీసుకుని ఆయన్ని పంపించు" అంది.

"అలాగేనమ్మా" అన్నాను.

గేటు దాకా వచ్చింది. గేటు వెయ్యకుండా, కమ్మీ పట్టుకుని చూస్తూ నిలబడింది. దుర్గ్ వెళ్ళే ఆటోలు ఎడమవైపు ఆగుతాయి. నేను కేరేజీ పట్టుకుని కుడివైపుకి, ప్లాంటు దారిన నడిచాను.